ఆట ముచ్చట్లు తెలుగులో చెప్పనిద్దాం

"ఫోను ఇస్తే వదలడు, తెలుగు వాచకం ఇస్తే పట్టడు." తల్లిదండ్రుల సమావేశం హొసూరులో జరిగినా, బళ్లారిలో జరిగినా, షోలాపూర్‌లో, బరంపురంలో జరిగినా వినిపించే ఫిర్యాదు ఇదే. అందులో నిజముంది. అయితే ఫోను లాక్కుని బీరువాలో దాచడమొక్కటే దీనికి మందని మేము అనుకోవడం లేదు. ఈ పుట పని చూసే మాలోనూ రాత్రి భోజనమయ్యాక ఓ గంట వీడియో గేమ్ ఆడేవాళ్లున్నారు. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెబుతున్నాం.

మైన్‌క్రాఫ్ట్ సంగతే తీసుకుందాం. స్వీడన్‌లో తయారై 2011లో పూర్తి రూపంలో విడుదలైన ఆట ఇది. ఉత్త చేతులతో మొదలుపెట్టాలి. చెట్టు కొట్టి పలకలు చేయాలి, పలకలతో పనిబల్ల, ఆపైన గైంతి చేసుకోవాలి. గైంతితో రాళ్లు తవ్వి, ఎనిమిది రాళ్లతో కొలిమి కట్టాలి. ఒక బొగ్గు ముక్క, ఒక పుల్ల కలిపితే నాలుగు కాగడాలు వస్తాయి. ఆటలో ఒక పగలూ రాత్రీ కలిపి మన గడియారంలో 20 నిమిషాలే. చీకటి పడేలోగా గూడు కట్టుకోకపోతే దయ్యాల్లాంటివి వచ్చి మీద పడతాయి. పొలం నీటికి నాలుగు గడుల లోపు ఉంటేనే తడి ఆరదు. మూడు గోధుమ కట్టలకు ఒక రొట్టె.

ఇందులో మాకు తట్టిన విషయం ఒకటుంది. గైంతి, కొలిమి, కాగడా... ఇవన్నీ మన పిల్లలు వాచకంలో అర్థాల పట్టికలో చూసి, పరీక్ష అయ్యాక మరచిపోయే మాటలు. ఆటలో మాత్రం ఆ వస్తువులను వాళ్లు రోజూ వాడుతున్నారు. ఆ ఆటలో మగ్గం కూడా ఉంది. షోలాపూర్‌లో, భివండీలో మగ్గం మీద బతికిన తాతల మనవలకు ఇప్పుడు 'లూమ్' తెలుసు, 'మగ్గం' తెలియదు. వస్తువు తెలిసిన పిల్లవాడికి మాట అందించడం కష్టం కాదు. సగం పని ఆట ముందే చేసిపెట్టింది.

అసలు దిగులు ఇంకొకటి. మన పిల్లలు జట్టు కట్టి ఆడేటప్పుడు తమిళంలోనో, కన్నడంలోనో, హిందీలోనో కేకలు వేసుకుంటారు. తెర మీది మాటలు చాలావరకు ఇంగ్లీషు. చుట్టూ తెలుగే ఉన్న యానాంలోనూ తెర దగ్గరికొచ్చేసరికి అంతే. ఇక ఇంట్లో తెలుగుకు మిగిలేదేమిటి? "తిన్నావా? హోంవర్క్ అయిందా? ఇక చాలు, పడుకో." సంబరమంతా వేరే భాషల్లో, ఆజ్ఞలు మాత్రం తెలుగులో! అలాంటి భాష మీద పిల్లలకు ఇష్టం ఎలా కలుగుతుంది?

అందుకే తల్లిదండ్రులకు మా మనవి. రోజూ పది నిమిషాలు పక్కన కూర్చుని "ఇవాళ ఏం కట్టావురా?" అని అడగండి. చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి. మీకు తెలియని ఆటను మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే వాళ్లు తెలుగులోనే వెతుక్కోవాలి.

ఉపాధ్యాయులకూ ఒక సూచన. వారానికొకసారి వ్యాసరచన పీరియడ్‌లో "మొదటి రాత్రి గడపడం ఎలా?" అని పది వాక్యాలు రాయించండి. ముందు ఏది, తర్వాత ఏది, అలా చేయకపోతే ఏమవుతుంది అన్నది వరుసగా రాయడం తేలికైన పని కాదు. తెలుగు మాట ఉన్నచోట బోర్డు మీద రాసి చూపండి, 'లెవెల్'ను లెవెల్‌గానే ఉండనివ్వండి. ఇంట్లో ఫోను లేని పిల్లలు అష్టాచెమ్మా గురించో, కబడ్డీ గురించో రాస్తారు. బడిలో కంప్యూటర్ ఉంటే, 2007లో అమెరికాలోని ఎంఐటీ విడుదల చేసిన స్క్రాచ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో పిల్లలే వైకుంఠపాళి తయారుచేసి, మాటలు తమ గొంతుతో తెలుగులో రికార్డు చేయవచ్చు.

"రాష్ట్ర భాష, ఇంగ్లీషు, తెలుగు మూడూ మోసే పిల్లలకు ఇంకొక బరువా?" అని అడిగేవారుంటారు. మేము కొత్త పీరియడ్ అడగడం లేదు. ఉన్న పీరియడ్‌లోనే అంశం మార్చమంటున్నాం.

అలాగని ఆటల చెడును కప్పిపుచ్చడం లేదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఆట వ్యసనం కూడా ఒక రుగ్మతే. ఆపుకోలేకపోవడం, చదువూ తిండీ కంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఇవి ఏడాదిపాటు కొనసాగితేనే రుగ్మత అంటారు. కానీ ఏడాది వేచి ఉండనక్కరలేదు, లక్షణాలు కనిపించగానే వైద్యుణ్ణి కలవండి. డబ్బు పందెం ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. వాటి జోలికి పోనివ్వకండి. ఫోనులో కార్డు వివరాలు ఉంచకండి. జట్టులో అపరిచితులెవరున్నారో అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఆట ముచ్చట్లు చెప్పే అలవాటున్న పిల్లలు ఈ సంగతులూ దాచకుండా చెప్పే అవకాశం ఎక్కువ.

ఈ వారమే మొదలుపెట్టండి. పిల్లలు రాసిన పది వాక్యాలు, తప్పులున్నా సరే, మాకు పంపండి. ఈ పుటలో చోటిస్తాం.