స్వహస్తనిర్మిత మోటారు బండ్లు

నర్సీపట్నము మన్యమునకు ముఖద్వారము. మైదానపు సరకు కొండకును, కొండ పంట మైదానమునకును చేరుట కీ యూరి బాట ముఖ్యమైనది. ఇట్టి చోట మోటారు పని నేర్చిన వానికి బండిని విప్పుటయు, బిగించుటయు నిత్యకృత్యము. ఒక బండి ఇంజనును వేఱొక బండి ఇరుసులతో జతపఱచి, రేకు వంచి, పూర్వకాలపు జీపును పోలిన వాహనమును నిర్మించుట అట్టివానికి అసాధ్యము కాదు. ఆ నేర్పును మేము హృదయపూర్వకముగ కొనియాడుచున్నాము. కాని బండి పూర్తియైన నాడు నిర్మాత కెదురగు ప్రశ్న యొకటి గలదు: దీనికి నంబరు లభించు టెట్లు?

1988 నాటి మోటారు వాహనముల చట్టము 39వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను లేని బండిని రహదారిపై నడపరాదు. రిజిస్ట్రేషను కోరువాడు అమ్మకపు పత్రమును, బండి రహదారికి యోగ్యమైనదని తయారీదారు ఇచ్చు పత్రమును చూపవలెను. ఆ తయారీదారు 1989 నాటి కేంద్ర నిబంధనలలోని 126వ దాని ననుసరించి, తన నమూనా బండిని పుణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థచే పరీక్షింపజేయవలెను. వేలకొలది బండ్లను చేయు కర్మాగారమున కీ వ్యయము భారము కాదు. ఒక్క బండిని కట్టువానికి ఇది దాటరాని గోడ.

గోడ దాటలేనివాడు దొడ్డిదారి వెదకును. తుక్కునకు చేరిన పాత జీపు కాగితములను కొని, ఆ నంబరును క్రొత్త బండికి తగిలించుట యట్టి దారియే. ఇది మోసము. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ బండిని మార్చరాదని 52వ సెక్షను చెప్పుచున్నది. కేరళ నుండి వచ్చిన అప్పీలులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నియమమునే స్థిరపఱచినది. అదే సంవత్సరపు సవరణ చట్టము, అనుమతి లేని ప్రతి మార్పునకును ఆరు నెలల వఱకు ఖైదు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చుననుచున్నది. అంతకంటె ఘోరమైనది మఱియొకటి గలదు. ప్రమాదము జరిగిన నాడు ఇంజను, ఛాసీ నంబరులు కాగితములతో సరిపోనిచో బీమా సంస్థ వివాదమునకు దిగును. గాయపడిన నిరపరాధి కోర్టుల చుట్టును తిరుగును.

కావున చట్టము నిరర్థకమని మేమనము. లంబసింగి ఘాటీ దిగు బండికి బ్రేకులు పట్టు తప్పినచో నిర్మాత నేర్పు ఎవరిని రక్షింపగలదు? పరీక్ష యుండి తీరవలెను. ఒంటరి నిర్మాతకు ఆ పరీక్ష అందుబాటులో లేకుండుటయే మా యాక్షేపణ.

మహారాష్ట్రములో సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే గ్రామమున నొక కమ్మరి తుక్కుతో చిన్న బండిని నిర్మించెను. 2021 డిసెంబరులో ఆనంద్ మహీంద్రా దానిని మెచ్చుకొనుచునే, నిబంధనలకు విరుద్ధమగుటచే అధికారులు ఎన్నడో దానిని ఆపకమానరని పలికి, బదులుగా బొలేరో నిత్తుననెను. 2022 జనవరిలో ఇచ్చెను. కమ్మరికి బండి దక్కినది. నేర్పునకు మాత్రము మార్గము దొరకలేదు. మన హైదరాబాదులో సుధా కార్ల మ్యూజియమున బూటు, చేతిసంచి ఆకారముల కార్లను జనులు చూచి ఆనందించుచున్నారు. చేతిపని యెల్లప్పుడును ప్రదర్శనశాలకే పరిమితము కావలెనా?

చట్టము వంగనిదనుట సరికాదు. అంగవైకల్యము గలవారికై బండిని మార్చుకొనుటకు 2019 సవరణయే అవకాశము కల్పించినది. 50 ఏండ్లు దాటిన పాత బండ్లకు 2021లో ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పడినది. బ్రిటనులో ఇంట కట్టిన కారును ఒక్కొక్కదానినే పరీక్షించి అనుమతింతురు. వయస్సు తేలని భాగములు గల దానికి ‘క్యూ’ అక్షరముతో మొదలగు నంబరు నిత్తురు. అమెరికాలో 2015 నాటి చట్టము చిన్న తయారీదారులు ఏటేట 325 వఱకు పూర్వకాలపు కార్ల ప్రతిరూపములను చేయుటకు వీలు కల్పించినది.

మనకును ఒంటి బండికి ఒంటి పరీక్ష కావలెను. ప్రతి భాగమునకును రసీదు, క్రొత్త ఛాసీ నంబరు, బ్రేకులు, స్టీరింగు, దీపములు, పొగ వీని తనిఖీ, సాధింపదగిన రుసుము, బాడుగకు త్రిప్పరాదను షరతు, ఇవి చాలును. కేంద్ర ప్రభుత్వము దీనిని యోచింపవలెనని మా మనవి. అంతవఱకును మన యువకులు తమ బండిని రహదారి కెక్కింపక, పరుల నంబరును తగిలింపక యుందురుగాక. పనివాని గౌరవము నిజాయితీలో నున్నది. ఆ నిజాయితీకి త్రోవ చూపుట ప్రభుత్వ ధర్మము.