'డ్యూటీ డాక్టరే కదా' అనకండి

పానగల్ నుంచి నల్లగొండ దవాఖానకు మనిషిని తీసుకొచ్చిన ఏ కుటుంబాన్నైనా గమనించండి. కాసేపటికే ఒకే ప్రశ్న వినబడుతుంది: "పెద్ద సారు ఎప్పుడొస్తడు?" మంచం పక్కన నిలబడి బీపీ చూస్తున్న అమ్మాయి వాళ్ల లెక్కలో డాక్టరే కాదు, డ్యూటీ డాక్టరు. పీజీ సీటు రానివాళ్లు, వచ్చేదాకా రోజులు నెట్టుకొచ్చేవాళ్లు చేసే పని ఇది అని చదువుకున్నవాళ్లూ అనుకుంటున్నారు, ఆస్పత్రి యజమానులూ అనుకుంటున్నారు. చివరికి ఆ డాక్టర్ల తల్లిదండ్రులదీ అదే మాట. ఈ చిన్నచూపు రోగుల ప్రాణాల మీదికి తెస్తోంది.

పత్తి చేనులో పురుగుల మందు కొడుతూ పడిపోయిన రైతు సంగతే తీసుకోండి. పాలమూరు, నల్లగొండ వార్డులకు ఇది కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఒంట్లోకి పోతే కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, నోటి వెంట చొంగ కారుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరి గురగురమంటుంది. అట్రోపిన్ ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో కేస్ షీట్‌లో ముందే రాసిపెట్టడం ఎవరి వల్లా కాదు. ఐదేసి నిమిషాలకు స్టెతస్కోపు పెట్టి వింటూ, నాడి చూస్తూ, గురగుర తగ్గేదాకా మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఎక్కువైతే రోగి పలవరిస్తాడు, మంచం మీద పెనుగులాడతాడు. గండం గడిచిందనుకున్న రెండో రోజో మూడో రోజో మెడ నిలవకపోవచ్చు. తల ఎత్తమంటే దిండు మీంచి లేవదు. అది వెంటనే కనిపెడితే వెంటిలేటర్ అందుతుంది, లేకపోతే ఊపిరి ఆగుతుంది. పొద్దున రౌండ్లకొచ్చి పోయే పెద్ద డాక్టరు ఎంత ఘనుడైనా ఈ పని ఆయన వల్ల కాదు. వార్డు వదలకుండా ఉండేవాళ్లకే అబ్బే విద్య ఇది.

అమెరికాలో 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు వైద్యులు, ఆస్పత్రిలో చేరినవాళ్లను చూసుకోవడమే పనిగా పెట్టుకున్న డాక్టర్ల గురించి రాసి, వాళ్లను హాస్పిటలిస్టులన్నారు. ఇరవై ఏళ్లలో వాళ్లు 50,000 దాటారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. కొడుకు అక్కడ హాస్పిటలిస్టు అయితే గొప్పగా చెప్పుకుంటాం. ఇక్కడ వార్డులో రాత్రంతా మేల్కొన్న అమ్మాయిని మాత్రం పెళ్లి సంబంధాల దగ్గర "ఇంకా పీజీ కాలేదా?" అని నిలదీస్తాం.

అక్కడివాళ్లు మూడేళ్లు శిక్షణ పొందినవాళ్లు, ఇక్కడున్నది వట్టి ఎంబీబీఎస్ కదా అంటారు. నిజమే, అయితే ఆ శిక్షణ ఇక్కడా ఇవ్వండి. క్యాజువాలిటీ డ్యూటీనీ ఒకప్పుడు ఇలాగే తీసిపారేశారు. 2009లో మన దేశంలో అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించాక దానికీ పీజీ వచ్చింది, గౌరవమూ వచ్చింది. ఇంకో అభ్యంతరం కూడా ఉంది: ఆస్పత్రిలో అంతా వార్డు డాక్టరే చూసుకుంటే, ఇంటి మనిషిలా ఎరిగిన డాక్టరు దూరమవుతాడని. ఆ భయం సబబే. కానీ మన పల్లెల్లో అలాంటి ఫ్యామిలీ డాక్టరు ఎక్కడున్నాడు? ఉన్నది ఆర్‌ఎంపీ. కనీసం డిశ్చార్జి రోజున పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేసి రోగిని అప్పగించే మనిషి వార్డులో ఒకరుండాలి.

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో, వనపర్తికి 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి వార్డులను ఏటా మారిపోయే హౌస్ సర్జన్ల మీద, నిద్రలేని పీజీల మీద నడపడం అన్యాయం. రెసిడెంట్లకు వరుసగా 12 గంటలకు మించి డ్యూటీ వేయొద్దని కేంద్ర రెసిడెన్సీ పథకం 1992లోనే చెప్పింది. దాన్ని పాటించాలంటే వార్డు వైద్యులకు శాశ్వత పోస్టులు కావాలి, పదోన్నతులుండాలి, షిఫ్టు మారేటప్పుడు ప్రతి రోగి సంగతీ నోటితో చెప్పి అప్పగించే పద్ధతి ఉండాలి. ప్రైవేటు ఆస్పత్రులూ గది అద్దెకు పెట్టే శ్రద్ధలో కొంతైనా రాత్రి డాక్టరు జీతం మీద పెట్టాలి.

రేపు మీ అమ్మాయి పీజీ పరుగు పక్కనపెట్టి, వార్డు డాక్టరుగానే ఉంటానంటే అడ్డుపడకండి.