కొమ్ములకి రంగు, గిటారుకి చుక్కలు

పిల్లలు తమ వస్తువుని ఇంకాస్త అందంగా చేసుకోవాలనుకుంటే "దానివల్ల ఏమొస్తుంది?" అని అడిగే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. ఆ ప్రశ్న నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పాలంటే మా ఇంట్లో నెల రోజులుగా నడుస్తున్న గిటారు చుక్కల తగువు గురించి చెప్పాలి.

మా చిన్నాడు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. వాడి దగ్గర పాతది కొన్న బేస్ గిటార్ ఉంది. మామూలు గిటారుకి ఆరు తీగలైతే దీనికి నాలుగే, లావుగా ఉంటాయి. ఆదివారం చర్చిలో పాటల బృందం వెనకో, పెళ్లి ఆర్కెస్ట్రాలో ఓ పక్కనో నిలబడి ఒకబ్బాయి డుమ్ డుమ్ మని వాయిస్తుంటాడు చూడండి, అదే. పేరు తెలియకపోయినా, ఇళయరాజా పాటలు వినే మనందరి చెవులకీ దాని శబ్దం అలవాటే.

దాని మెడ మీద అడ్డంగా మెట్లు, వాటి మధ్య తెల్ల చుక్కలు పొదిగి ఉంటాయి. మావాడి గిటారుకి 20 మెట్లు, 9 చుక్కలు. 3, 5, 7, 9, 15, 17, 19 మెట్ల దగ్గర ఒక్కొక్కటి, 12 దగ్గర మాత్రం రెండు. అక్కడ వేలు నొక్కితే తీగ పొడవు సగమై, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుందట. అందుకే జంట చుక్కలు. అవి ప్లాస్టిక్‌వి. పసుపెక్కిపోయాయి, ఒకటి ఊడిపోయి గుంట మిగిలింది. అన్నీ తీసేసి ముత్యపు చిప్ప చుక్కలు పొదగాలని వాడి కోరిక. ఖర్చు వెయ్యి లోపే, అదీ ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు.

"చుక్కలు మారిస్తే పాట మారుద్దా? ఇక్కడ మిర్చి ధర చూశావా?" అన్నారు మావారు. మాటా మాటా పెరిగి "అమ్మి పారెయ్ ఆ గిటారు" దాకా వెళ్లింది. తండ్రీ కొడుకులు నాలుగు రోజులు మాట్లాడుకోలేదు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పత్తికీ మిర్చికీ మందు కొట్టే ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది. పైగా చుక్కలు మారిస్తే శబ్దం ఇసుమంతైనా మారదు. వాయించేవాడికి కూడా అవి అంత అవసరం కాదు. వాడు చూసుకునేది మెడ అంచున, తన కళ్లకి ఎదురుగా ఉండే చిన్న చుక్కల్ని. ముందు వైపువి ఎక్కువగా చూసేవాళ్ల కోసమే. ఒప్పుకుంటాను, ఇది అచ్చంగా సొగసు.

అయితే ఒక్కటి అడుగుతాను. కనుమ నాడు ఎడ్లని కడిగి కొమ్ములకి రంగు వేస్తాం, మెడలో మువ్వలు కడతాం. రంగు వేస్తే ఒంగోలు గిత్త బండ ఇంకో అడుగు ఎక్కువ లాగుతుందా? గడపకి పసుపు రాస్తే గోడ గట్టిపడుతుందా? పొద్దున పెట్టిన ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుందని తెలిసీ రోజూ వంగి పెడుతున్నాం కదా! మనం చేస్తే సంప్రదాయం, పిల్లలు చేస్తే దండగా?

బీఏలో తెలుగు చదివినదాన్ని కాబట్టి నాకు అలంకారం అన్న మాట మీద గౌరవం. సంస్కృతంలో అలం అంటే చాలు అని అర్థం. అలంకారం అంటే చాలినట్టుగా చెయ్యడం. అతికించిన అదనపు హంగు అని కాదు, వెలితి లేకుండా చెయ్యడం అని.

మన వీణలనే చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మాను తొలిచి వీణలు చేస్తారు. 24 మెట్లని మైనంలో నిలబెడతారు. మైనం పాడైతే మేళం మళ్లీ కట్టిస్తారే గానీ వీణని అవతల పారేయరు. పూర్వం వీణల మీద నగిషీకి ఏనుగు దంతం, జింక కొమ్ము వాడేవారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1989లో ప్రపంచ దేశాలు కలిసి దంతం వ్యాపారాన్ని ఆపాలని నిర్ణయించాయి. దంతం స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది గానీ నగిషీ మాత్రం మానలేదు. ఏమీ రాదనుకుంటే అప్పుడే మానేసి ఉండేవాళ్లు.

అలాగని అడిగినదానికల్లా తలూపమని నేను అనను. నేను వాణ్ణి "ఎలా చేస్తావురా?" అని అడిగాను. అరగంట చెప్పాడు. తీగలు విప్పి, చుట్టూ టేపు అంటించాలి. పాత చుక్క మధ్యలో సన్న డ్రిల్లుతో రంధ్రం వేసి పైకి లేపాలి. గుంటలో పాత జిగురు గీకెయ్యాలి. కొత్త చుక్క 6 మిల్లీమీటర్లదా, పావు అంగుళందా అన్నది ముందే కొలవాలి. పావు అంగుళమంటే 6.35, ఆ కాస్త తేడాకే చుక్క దూరదు, లేదా వదులవుతుంది. అంటించాక మర్నాడు, పలక వంపుకి తగ్గట్టు ఉప్పు కాగితంతో చదును చెయ్యాలి. మెట్ల మీద గీత పడకూడదు. చిప్ప పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి మూతికి మాస్కు ఉండాలి.

వింటుంటే అర్థమైంది, ఇది దుబారా కాదు, పని. నేను రెండే షరతులు పెట్టాను. మెడ వంగిందేమో, మెట్లు అరిగాయేమో ముందు చూపించుకోవాలి, సొగసు ఆ తర్వాతే. రెండోది, మొదటి చుక్క గిటారు మీద కాదు, పనికిరాని చెక్క ముక్క మీద పొదిగి చూపించాలి.

"ఏమొస్తుంది?" అని పదిసార్లు అడిగితే పదకొండోసారి పిల్లలు మనకి చెప్పరు. కొనేది చాటుగా కొంటారు, చేసేది హాస్టల్లో చేస్తారు. ఇంకో ఏడాదిన్నరకి మావాడు ఉద్యోగమంటూ హైదరాబాదో బెంగళూరో పోతాడు. ఈలోపు వాడు మనతో పంచుకునే విషయాలు ఎన్ని ఉంటే అంత లాభం. మందు కొట్టే మోటారు చెడితే సొంతంగా విప్పి బాగుచేసుకునే మావారికి డ్రిల్లు పట్టడం మావాడికంటే బాగా వచ్చు. ఆ మాట ఆయనతో అన్నాను. ఇంకా అవుననలేదు, కాదనీ అనలేదు.

మీ ఇంట్లో ఇలాంటి తగువొస్తే ముందు "ఎలా చేస్తావు?" అని అడిగి చూడండి. జవాబు సరిగ్గా చెప్పలేకపోతే అప్పుడు వద్దనొచ్చు. చెప్పగలిగితే మాత్రం పక్కన కూర్చుని టార్చిలైటు పట్టుకోండి.