గాలి గన్నుకూ రబ్బరే ప్రాణం

కుక్కరు మూత చుట్టూ ఆవిరి బుసలు కొడుతుంటే మనం కుక్కరు పారేయం, రబ్బరు మారుస్తాం. వెనకటి పంపు స్టౌకీ అంతే. తోలు వాషరు ఎండిపోయి గాలి ఎక్కకపోతే నూనె రాసి మెత్తబరిచేవాళ్లం. వడ్రంగులు వాడే గాలి మేకుల గన్ను సంగతీ ఇదేనండీ. మేకు సగం దిగి ఆగిపోతోందనో, గాలి పోతోందనో కొత్తది కొనే ముందు ఇది చదవండి. గన్ను మూలపడితే ఆ పూట కూలి పోయినట్టే కదా!

కంప్రెషర్ గాలి గన్నులో నిలవుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది పిస్టన్‌ను ఒక్క తోపు తోస్తుంది. పిస్టన్‌కున్న ఉక్కు పుల్ల మేకును చెక్కలోకి దించుతుంది. గాలి పక్కకు పోకుండా ఆపేవి సన్నటి రబ్బరు రింగులు. వీటిని ఓ-రింగులంటారు. ఎక్కువగా అరిగేవి ఇవే.

గన్ను ముట్టుకునే ముందు గాలి గొట్టం ఊడదీయాలి, మేకులన్నీ తీసేయాలి. ఇది మరిచిపోతే మేకు చేతిలో దిగుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

జబ్బు ఎక్కడుందో గాలి పోయే చోటే చెబుతుంది. ట్రిగ్గర్ దగ్గర పోతుంటే అక్కడి వాల్వు రింగు. పైమూత దగ్గరైతే మూత కింది వాల్వు రింగు. ముక్కు దగ్గరైతే అడుగునుండే రబ్బరు దిమ్మ. గాలి ఎక్కడా పోకపోయినా దెబ్బ బలహీనంగా ఉంటే పిస్టన్ రింగు చూడాలి. అదీ బాగుంటే ఉక్కు పుల్ల కొస అరిగిందేమో చూడండి.

పైమూతకు ఉండే బోల్టులు అలెన్ కీతో విప్పండి. ఏ రింగు ఏ వరసలో వచ్చిందో పాత చీర ముక్క మీద అలాగే పేర్చుకోండి. లోపల పొడిగుడ్డతో తుడవండి. పెట్రోలు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. పాత రింగు పట్టుకెళ్లి అదే కొలత తెచ్చుకోండి. మా వాళ్లయితే చీరాల వెళ్తారు. దగ్గరగా ఉందని వేరే సైజు సర్దకండి. కొత్త రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాసి కూర్చాలి. బోల్టులు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాలి.

కళ్లద్దాలు పెట్టుకుని, సుమారు 70 పౌండ్ల గాలితో పనికిరాని చెక్క మీద రెండు మేకులు కొట్టి చూడండి. సబ్బు నురగ రాస్తే ఇంకా గాలి పోయేచోట బుడగలొస్తాయి.

మా మరిది వడ్రంగి పనే చేస్తాడు. “వదినా, కొబ్బరి నూనె రెండు చుక్కలు వెయ్యనా?” అని అడిగాడు. వద్దన్నాను. వంటనూనెలు ఆరి జిగటవుతాయి, డబ్బా మూతల మీద మనం చూడ్డంలేదూ? గాలి పనిముట్ల కోసమే అమ్మే నూనె రోజూ పని మొదలుపెట్టేముందు రెండు మూడు చుక్కలు గాలి గొట్టం తగిలించేచోట వేస్తే చాలు.

మా వేటపాలెం లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకో పనుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కంప్రెషర్ ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. అది గన్నులోకి పోతే తుప్పే. పని అయ్యాక గాలి దించి, కింది మర తిప్పి ఆ నీళ్లు వదిలేయండి. మగవాళ్లు అలసిపోయి వస్తారు, ఈ ఒక్క పని మనం గుర్తుచేస్తే రింగులు చాన్నాళ్లు మన్నుతాయి.