వేటకు వెళ్లవద్దన్నారు సరే.. ఆ రోజు గడిచేదెలా?

* నిషేధ కాలానికి భృతి ఉంది.. హెచ్చరిక రోజులకు లేదు
* రేవు లేని తీరంలో అలలతోనే పోరాటం
* కేరళ ప్రయోగాన్ని పరిశీలించాల్సిన సమయమిది

పాలకొల్లు: బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిన ప్రతిసారీ వాతావరణ వార్త చివర ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది. తీరం వెంబడి బలమైన ఈదురుగాలులు వీస్తాయి, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు అన్నది ఆ వాక్యం. పాలకొల్లులో ఈ వార్త చదివిన వ్యాపారి గొడుగు వెతుక్కుంటాడు. కోతలు కోసిన రైతు ధాన్యం రాశిపై బరకాలు కప్పుకొంటాడు. పట్టణానికి దక్షిణంగా నరసాపురం దాటి సముద్రపు ఒడ్డుకు చేరితే అదే వార్తకు అర్థం మారిపోతుంది. ఆ రోజుకు ఆదాయం లేదని అక్కడివారు చదువుకుంటారు.

హెచ్చరిక చేరనందువల్లనే జాలర్లు ప్రమాదాల్లో చిక్కుకుంటున్నారన్న అభిప్రాయం చాలాకాలంగా ఉంది. ఒకప్పుడు అది నిజం. నేడు చరవాణి లేని ఇల్లు తీర గ్రామాల్లోనూ అరుదు. సమాచారం అందుతున్నా కొన్ని పడవలు నీటిలోకి దిగుతూనే ఉన్నాయి. ఎందుకన్నదే ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం.

ఇసుక తిన్నెలే రేవు

పశ్చిమగోదావరి జిల్లాకు ఉన్న సముద్రతీరం 19 కిలోమీటర్లు మాత్రమే. తూర్పున వశిష్ఠ గోదావరి, పడమర కొల్లేటి నీటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరు. ఈ రెండింటి నడుమ నరసాపురం, మొగల్తూరు మండలాల్లో వేములదీవి, చినమైనవానిలంక, పెదమైనవానిలంక, పేరుపాలెం తదితర గ్రామాలు ఉన్నాయి. వీటిలో సముద్రపు కోతకు భూమిని కోల్పోతున్న గ్రామాలూ లేకపోలేదు.

నరసాపురం వైపు నుంచి బయలుదేరే మరపడవలకు నది అండగా ఉంది. వశిష్ఠలో లంగరు వేసుకుని, అంతర్వేది వద్ద సంగమం మీదుగా కడలిలోకి ప్రవేశిస్తాయి. అక్కడ ఇసుక మేటల బెడద ఉన్నప్పటికీ పడవ నిలుపుకోవడానికి ఒక చోటంటూ ఉంది. తీర గ్రామాల్లోని చిన్న పడవలకు ఆ సౌకర్యం లేదు. ఇసుక తిన్నెలే వాటికి రేవు. వేట ముగిశాక పడవను భుజాలతో ఒడ్డుకు నెట్టాలి, మరునాడు మళ్లీ నీటిలోకి నెట్టాలి. కనుక సముద్రం ఏమాత్రం పొంగినా ఆ దెబ్బ ముందుగా తగిలేది వీరికే.

అలలు దాటడమే అసలు వేట

వాతావరణం చెడిన రోజున ఒడ్డు నుంచి వేటకు వెళ్లడం ఎలా ఉంటుందో పట్టణవాసులకు తెలిసే అవకాశం తక్కువ. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే నలుగురైదుగురు పడవ వద్దకు చేరతారు. గాలి ఏ వైపు నుంచి వస్తున్నదో, అలలు ఎంత దూరంలో విరుగుతున్నాయో చూస్తారు. లోతు తగ్గేకొద్దీ అల పైకి లేచి, నిలబడలేక విరిగిపడుతుంది. ప్రశాంతంగా ఉన్న రోజున ఒడ్డుకు దగ్గరలోనే విరిగే అల, సముద్రం పోటెత్తిన రోజున చాలా ముందుగానే, ఒకదాని వెనుక ఒకటిగా వరుసలు కట్టి విరుగుతుంది. పడవ ఆ వరుసలన్నీ దాటితేగాని వల వేయదగిన నీరు రాదు.

పెద్ద అలలు గుంపుగా వస్తాయి. ఆ తరువాత కొద్దిసేపు తెరపి ఇస్తాయి. చుక్కాని పట్టేవాడు ఆ తెరపి కోసమే కాచుకుని ఉంటాడు. ఛాతీ లోతు నీటిలో పడవను పట్టుకుని నిలబడినవారు అతడి కేక వినగానే నెట్టి, ఎగిరి ఎక్కుతారు. ఇంజన్ అందుకోవడానికి ఆలస్యమైనా, పడవ ముక్కు అలకు ఎదురుగా కాక పక్కకు తిరిగినా క్షణంలో బోల్తా పడుతుంది. పడవ, వల, ఇంజన్ మీద పడితే ఈత వచ్చినా ప్రయోజనం ఉండదు.

తిరుగు ప్రయాణం ఇంతకన్నా ప్రమాదకరం. వెళ్లేటప్పుడు అల కంటికి ఎదురుగా ఉంటుంది. వచ్చేటప్పుడు అది వెనుక నుంచి తరుముతుంది. పడవ వెనుక భాగాన్ని పైకెత్తి ముక్కును ఇసుకలో గుచ్చుతుంది. తడిసిన వలలు, చేపలతో బరువెక్కిన పడవ చెప్పినట్లు వినదు. ఉదయం వెళ్లినప్పుడు మామూలుగా ఉన్న సముద్రం మధ్యాహ్నానికి మారిపోతే, ఒడ్డు కళ్ల ముందు కనిపిస్తున్నా అలల వరుస దాటే ధైర్యం లేక బయటే గంటల తరబడి నిలిచిపోవలసి వస్తుంది. తిన్నెలపై నిలబడిన ఆడవారికి ఆ పడవ చుక్కలా కనిపిస్తూనే ఉంటుంది.

అలివి వల లాగేవారి పరిస్థితి మరో రకం. పడవపై వలను అర్ధచంద్రాకారంగా నీటిలో చుట్టి, రెండు కొసల తాళ్లను ఒడ్డు నుంచి పదుల సంఖ్యలో మనుషులు లాగుతారు. గాలివాన రోజున వల చెత్తతో, ఇసుకతో నిండి చిరుగుతుంది. పడిన చేపల్లో వాటా తప్ప వీరికి వేరే కూలి లేదు. వల ఖాళీగా వస్తే వాటా కూడా లేదు.

మంచి చేప.. చెడ్డ వాతావరణం

ఇంత ప్రమాదమున్నా ఎందుకు వెళ్తారన్న ప్రశ్నకు జవాబు రుతువులోనే ఉంది. జూన్ మధ్యలో వేట నిషేధం ముగిసేసరికి నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి. జులై నుంచి గోదావరికి వరద నీరు చేరుతుంది. ఆ ఎర్రనీటికి ఎదురీదేందుకు సముద్రం నుంచి విలస చేప సంగమం వైపు వస్తుంది. నదిలోకి ఎదురెక్కిన తరువాత అదే పులస. ధర వేల రూపాయల్లో పలికే ఆ చేప కోసం పాలకొల్లు, నరసాపురం వాసులు ఎదురుచూసే రోజులూ, సముద్రం మొరటుగా ఉండే రోజులూ ఒకటే.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పరిస్థితి అంతే. వేట సాగవలసిన ఆ నెలల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుపానులు ఎక్కువ. పైగా వేటకు వెళ్లేవారు తక్కువగా ఉన్న రోజున బజారులో చేపకు గిరాకీ పెరుగుతుంది. ఇంజన్ కొనుగోలుకు, వలల మరమ్మతుకు తెచ్చిన అప్పు వాయుగుండం ఉందని ఆగదు. వరుసగా మూడు రోజులు ఒడ్డున కూర్చున్న కుటుంబానికి నాలుగో రోజున సముద్రం కొద్దిగా తెరపి ఇచ్చినట్లు కనిపిస్తే, హెచ్చరిక ఇంకా అమలులో ఉందన్న మాట చెవికెక్కదు. దానిని మూర్ఖత్వమనడం తేలిక. అది లెక్క చూసుకుని చేసిన తెగింపు.

జెండా ఎక్కడో.. పడవ ఎక్కడో

హెచ్చరికల తీరులోనూ లోపముంది. ‘ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అన్న వార్త అందరికీ పరిచితమే. 1 నుంచి 11 వరకు ఉన్న ఈ సంకేతాలు ప్రధానంగా రేవులకు, ఓడలకు ఉద్దేశించినవి. ఒకటో నంబరు దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని సూచిస్తుంది. మూడో నంబరు రేవు వద్ద ఈదురుగాలులు వీచే సూచన. పదో నంబరు అతి తీవ్ర ప్రమాదాన్ని, పదకొండోది సమాచార వ్యవస్థ తెగిపోవడాన్ని తెలియజేస్తాయి. కాకినాడ, మచిలీపట్నంలలో ఎగిరే ఆ జెండా పేరుపాలెం ఒడ్డున ఉన్నవారికి కనిపించదు. ఎంత ఎత్తు అలను ఎదుర్కోవాలో కూడా అది చెప్పదు.

చిన్న పడవకు కావలసింది అలల సమాచారం. హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, దీనిని తీర ప్రాంతాల వారీగా ముందుగానే వెల్లడిస్తోంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా వేల కిలోమీటర్ల దూరాన, దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు కొద్ది రోజుల తరువాత మన తీరాలను తాకే సందర్భాలున్నాయి. మబ్బును, గాలిని చూసి నిర్ణయించే పెద్దల అనుభవం అటువంటి రోజున అక్కరకు రాదు. అయితే కోస్తా మొత్తానికి కలిపి ఇచ్చే హెచ్చరిక ఒకచోట నిజమై, మరోచోట సముద్రం నిదానంగా ఉండిపోతే జనానికి నమ్మకం సడలుతుంది. ఆ తరువాత వచ్చే అసలైన హెచ్చరికనూ తేలికగా తీసుకునే ప్రమాదముంది.

నాడు 1996.. నేడు మొంథా

హెచ్చరిక విలువ గోదావరి డెల్టాకు ఒకరు చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలను బలిగొంది. విస్తీర్ణంలో చిన్నదైనా వేగంగా బలపడిన ఆ తుపానులో, వేటలో ఉన్న జాలర్లు వందల సంఖ్యలో తిరిగి రాలేదు. తూర్పుగోదావరి తీరంలోని భైరవపాలెం వంటి పల్లెలు ఆ దెబ్బకు కుదేలయ్యాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీవ్ర తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. ఈసారి రోజుల ముందే సమాచారం వచ్చింది, పడవలు ఒడ్డెక్కాయి. మూడు దశాబ్దాల్లో సాధించిన ప్రగతిని కాదనలేం.

మొంథా సమయంలో మత్స్యకార కుటుంబాలకు 50 కిలోల చొప్పున బియ్యం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. పేరున్న తుపానుకు ఆ మాత్రం సాయమైనా ఉంది. పేరు పెట్టని వాయుగుండాలకు, రెండు మూడు రోజుల ఈదురుగాలులకు ఏదీ లేదు. వేటకు దూరమయ్యే రోజులు వీటివల్లనూ వస్తున్నాయి.

చేపను కాపాడితే భృతి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మర, మోటారు పడవలతో వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక సంతతిని కాపాడటం దీని ఉద్దేశం. ఆ రోజులకు రాష్ట్రంలో భృతి ఉంది. 2019లో 4,000 నుంచి 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. 61 రోజులకు లెక్కిస్తే రోజుకు సుమారు 328 రూపాయలు. అంటే వేట లేని రోజుకు కుటుంబానికి ఎంతో కొంత చెల్లించాలన్న సూత్రాన్ని ప్రభుత్వం ఇప్పటికే అంగీకరించింది.

చేపను కాపాడేందుకు ఒడ్డున కూర్చుంటే భృతి. మనిషిని కాపాడేందుకు కూర్చోమంటే మాత్రం ఆ భారం అతడిదే. ప్రమాదం జరిగాక మాత్రం పరిహారం ప్రస్తావన వస్తుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా 5 లక్షల రూపాయలు. గల్లంతైనవారి మృతదేహం దొరకని పక్షంలో ఏడేళ్లు జాడ తెలియకుంటేనే మరణించినట్లు భావించాలన్న సాక్ష్య చట్ట నిబంధన కుటుంబానికి మరో పరీక్ష. మరణానికి లక్షలు వెచ్చించే వ్యవస్థ, ఆ మరణాన్ని ఆపగల రోజుకు వందల రూపాయలు ఎందుకు వెచ్చించరాదు?

కేరళ ఏం చేసింది?

2017 నవంబరు చివర ఓఖీ తుపాను హఠాత్తుగా బలపడి కేరళ, తమిళనాడు మత్స్యకారులను వందల సంఖ్యలో బలిగొంది. నాటి నుంచి కేరళలో హెచ్చరికల అమలు కట్టుదిట్టమైంది. దానితోపాటే పోయిన పని దినాల మాటేమిటన్న ప్రశ్నా ముందుకొచ్చింది. 2021 అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ హెచ్చరికల వల్ల వేట కోల్పోయిన సుమారు 1.59 లక్షల కుటుంబాలకు 3,000 రూపాయల చొప్పున సాయాన్ని ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మొత్తం పెద్దదేమీ కాదు. ఆ నష్టాన్ని నష్టంగా గుర్తించడమే అందులో ముఖ్యం.

మన వద్ద ఏడాదికి 20 హెచ్చరిక రోజులు వస్తాయని ఉదాహరణకు అనుకున్నా, నిషేధ భృతి లెక్కన ఒక్కో కుటుంబానికి అయ్యేది 6,560 రూపాయలు.

అభ్యంతరాలు లేకపోలేదు

దీనివల్ల అనర్హులు చేరతారన్న సందేహం సహజం. అయితే నిషేధ భృతికి పడవల వారీగా అర్హుల జాబితాను ఏటా మత్స్యశాఖ తయారు చేస్తూనే ఉంది. అదే జాబితా ఇక్కడా సరిపోతుంది. రోజుల లెక్కలో వాదానికి తావు లేదు. హెచ్చరిక జారీ చేసేది కేంద్ర సంస్థలు, చెల్లించేది రాష్ట్రం. కనుక డబ్బు కోసం హెచ్చరికను పెంచడం గాని, తగ్గించడం గాని కుదరదు. వద్దన్న రోజున పడవ నీటిలోకి దిగితే ఆ విడత సాయం నిలిపివేయవచ్చు. అప్పుడు హెచ్చరికకు తొలిసారిగా ఒక బలం చేకూరుతుంది.

అసలు చిక్కు జాబితాలో లేనివారిది. అలివి వల తాళ్లు లాగే కూలీలు, గంపలతో చేపలు అమ్ముకునే మహిళలు ఏ పడవ పేరు మీదా ఉండరు. సముద్రం మూతపడిన రోజున వారి పొయ్యి కూడా వెలగదు. ఏ పథకం వచ్చినా వారిని ముందుగా లెక్కలోకి తీసుకోవాలి.

చేయాల్సిందిదే

తీర గ్రామాల్లో అలల ఎత్తును తెలిపే సమాచారాన్ని ప్రతి సాయంత్రం తెలుగులో బోర్డుపై రాయడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. పడవలు దిగే ప్రతి ఒడ్డున ఒక స్తంభం, ఒక జెండా, రాత్రివేళ ఒక దీపం ఉంటే చాలు. వల లాగడానికి అడ్డురాని తేలికపాటి రక్షణ కవచాలను అందించడం, తీర రక్షక దళం అత్యవసర సంఖ్య 1554ను ప్రతి పడవపై రాయించడం గ్రామ స్థాయిలోనే సాధ్యం. బియ్యపుతిప్ప వద్ద ఫిషింగ్ హార్బర్ ప్రతిపాదన చాలాకాలంగా వినిపిస్తున్నదే. అది పెద్ద పడవలకు మేలు చేయవచ్చు. ఇసుక తిన్నెల నుంచి బయలుదేరే చిన్న పడవకు మాత్రం కావలసింది వద్దన్న రోజున ఇంట్లో ఉండగలిగే స్థోమత.

మరో వాయుగుండం రాక తప్పదు. వార్త చివర ఆ వాక్యమూ తప్పదు. వేటకు వెళ్లరాదని చెప్పే ప్రభుత్వం, ఆ పూటకు ఇంత ఇస్తామన్న మాటను కూడా దానికి జతచేసిన నాడే ఆ హెచ్చరిక తీరానికి పూర్తిగా చేరినట్లు.