తండ్రి లేని సంతతి

పిల్లలూ! పోయిన నెల గాజుతొట్టిలో చేపలను పెంచే పద్ధతి చెప్పుకున్నాం గదా. ఈ నెల అలాంటి తొట్టెల్లోనే జరిగిన ఒక వింత చెబుతాను. ఇది కట్టుకథ కాదు, జర్మనీ దేశంలో నిజంగా జరిగినది.

అక్కడ క్రేఫిష్‌లను ఇళ్ళలో పెంచే సరదా చాలామందికి ఉన్నది. క్రేఫిష్ అంటే రొయ్యకూ పీతకూ చుట్టం. ఒళ్ళు రొయ్యలాగా పొడుగు. ముందుకాళ్ళు పీతకు ఉన్నట్టే పట్టుకార్లు. మంచినీళ్ళలో బతుకుతుంది. 1995 ప్రాంతాల అక్కడి అంగళ్ళకు ఒక కొత్తరకం క్రేఫిష్ వచ్చింది. వేలెడంత జీవి. ఒంటినిండా చలవరాతి మీద ఉండే చారల్లాంటి మచ్చలు. అందుకని జర్మనులు దానికి 'మార్మోర్‌క్రెబ్స్' అని పేరు పెట్టారు. 'మార్మోర్' అంటే చలవరాయి. మనం దాన్ని చలవరాతి క్రేఫిష్ అందాం.

కొన్నవాళ్ళు మురిసిపోయారు. ఏది వేసినా తింటుంది, ఇట్టే పెరుగుతుంది. కొద్ది నెలలకు దాని తోకకింద ద్రాక్షగుత్తిలాగా గుడ్లు కనిపించినవి. మూడు వారాలకు గుడ్లు పగిలి, చీమలంత పిల్లలు తల్లి పొట్టను పట్టుకుని వేలాడినవి. ఒకటీ రెండూ కాదు, వందకు పైగా!

ఇందులో వింత ఏమున్నది అంటారా? కొందరు కొన్నది ఒకే ఒక్క క్రేఫిష్‌ను. దానికి జోడు లేదు.

"కొనేనాటికే అది మగదానితో కలిసి ఉంటుంది" అనుకున్నారు మొదట. అలా జరగవచ్చు కూడాను. ఆ సందేహం తీరడానికి పిల్లల్లో ఒకదాన్ని విడిగా, మరొక తొట్టిలో, ఒంటరిగా పెంచారు. అదీ పెద్దదై గుడ్లు పెట్టింది! మగది ఎక్కడైనా ఉన్నదా అని వెతికితే ఒక్కటీ దొరకలేదు. పుట్టినవన్నీ ఆడవే. బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గెర్హార్డ్ షోల్ట్జ్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు ఈ సంగతి పరిశీలించి 2003 లో 'నేచర్' అనే శాస్త్రపత్రికలో ప్రకటించారు. రొయ్యలు, పీతలు ఉన్న ఆ పెద్ద కుటుంబంలో ఇట్లాంటిది అంతకు ముందు ఎవరూ చూసి ఎరగరు.

తండ్రి లేకుండా పిల్లలు ఎట్లా పుడతారు? మీ పెరట్లో చక్కెరకేళి అరటి ఉంటే దాని దగ్గరకు వెళ్ళి నిలబడండి. అరటికి మనం విత్తనం నాటం. తల్లి మొదట్లో లేచిన పిలకను తీసి పాతుతాం. ఆ పిలక అచ్చంగా తల్లే. చలవరాతి క్రేఫిష్ గుడ్డు కూడా ఒక విధంగా అలాంటి పిలకే!

ఈ పోలిక నేను మాటవరసకు చెప్పినది కాదు. జీవుల ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములు అనే సన్నని పోగులు ఉంటవి. తరతరాల లక్షణాలన్నీ వాటిలోనే ఉంటవి. సాధారణంగా తల్లినుంచి ఒక వరస, తండ్రినుంచి ఒక వరస, మొత్తం రెండు వరసలు వస్తవి. చక్కెరకేళిలో మూడు వరసలు ఉన్నవి. అందుకే దాని పండులో గింజలు కట్టవు. మన క్రేఫిష్‌లోనూ మూడు వరసలే! వరసకు 92 చొప్పున 276 పోగులు. మనిషికి ఉన్నవి 46.

అమెరికాలోని ఫ్లారిడాలో దీని దగ్గరి చుట్టం ఒకటి ఉన్నది. దానిలో మగవీ ఉంటవి, ఆడవీ ఉంటవి. ఒకసారి ఆ జాతి జంటలో ఒకదాని బీజకణంలో పొరపాటున ఒక వరసకు బదులు రెండు వరసలు పడి ఉంటవనీ, అలా మూడు వరసలతో పుట్టిన ఆడపిల్లే ఈ సంతతికంతకూ మూలమనీ శాస్త్రజ్ఞుల ఊహ. 2018 లో హైడెల్‌బెర్గ్‌లోని క్యాన్సర్ పరిశోధనాలయం వారు దీని లక్షణాల పట్టీని ఆసాంతం చదివారు. (క్యాన్సర్ వైద్యులకు క్రేఫిష్‌తో ఏం పని అనకండి. ఆ వ్యాధిలో కూడా ఒక కణం అచ్చు తనలాంటి కణాలనే కంటూ పోతుంది.) వేల మైళ్ళ దూరాన దొరికిన క్రేఫిష్‌ల పట్టీలు కూడా దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే!

అయినా ఒక తమాషా ఉన్నది. ఒకే తల్లి పిల్లలను ఒకే నీళ్ళలో, ఒకే మేతతో పెంచినా, ఏ రెండింటి మచ్చలూ ఒక్కలాగా ఉండవు. ఒకటి బాగా పెరుగుతుంది, మరొకటి గిడసబారి ఉండిపోతుంది. కారణం ఏమిటా అని ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు.

ఇక అసలు చిక్కుకు వద్దాం. ఒక క్రేఫిష్ వంద పిల్లలను పెట్టిందనుకోండి. ఆరు నెలలకు ఆ వందా తల్లులే. అన్నీ బతికితే పదివేలు! తొట్టి పట్టేదెట్లా? కొందరు స్నేహితులకు పంచారు. కొందరు తాబేళ్ళకు మేతగా వేశారు. కొందరు, పాపం జాలిపడే కాబోలు, తీసుకుపోయి చెరువులో వదిలారు.

ఆ జాలి ఎంత పని చేసిందో చూడండి! మామూలు జాతులైతే చెరువులో ఒకటి పడినా జోడు దొరక్క ఒకనాటికి చచ్చిపోతుంది. దీనికి జోడు అక్కర లేదు. అమెరికా క్రేఫిష్‌లు తమకు ఏమీ కాకుండానే ఒక బూజురోగాన్ని మోసుకు తిరుగుతవి. అది సోకితే ఐరోపా క్రేఫిష్‌లు మందలు మందలుగా చస్తవి. మడగాస్కర్ ద్వీపంలో అయితే ఇది వరిమళ్ళలోకీ ఏళ్ళలోకీ దిగింది. అక్కడి బజార్లలో కుప్పలు పోసి అమ్ముతారు. 2007 కూ 2017 కూ మధ్య అది ఆక్రమించిన మేర నూరింతలు పెరిగిందని అంచనా. ఆ ద్వీపంలో తప్ప లోకంలో మరెక్కడా లేని క్రేఫిష్‌లు అక్కడ ఉన్నవి. అవి నింపాదిగా పెరిగే జాతులు. ఈ కొత్తదానితో పోటీ పడలేవు.

2016 లో యూరోపియన్ యూనియన్ దీన్ని కొనరాదు, అమ్మరాదు, పెంచరాదు అని నిషేధించింది. ముందునుంచీ పెంచుకుంటున్నవారు మాత్రం అది చచ్చేదాకా భద్రంగా ఉంచుకోవచ్చు. కాని పిల్లలు కలగనివ్వరాదు! ఒంటరిగా ఉంచినా పిల్లలను కనేదాన్ని ఎట్లా ఆపుతారో, ఆ చట్టం రాసినవారే చెప్పాలి.

మన చెరువులను కప్పేసే గుర్రపుడెక్కను మీరు చూసే ఉంటారు. అదీ అందమైన ఊదాపూల కోసం దక్షిణ అమెరికానుంచి తెచ్చినదే. అదీ పిలకలతోనే పెరుగుతుంది. మన దేశపు నీళ్ళలో సహజంగా పుట్టిన క్రేఫిష్ జాతి ఒక్కటీ లేదు. కనక, అంగడిలో క్రేఫిష్ కనబడినా నేనైతే కొనమని చెప్పను.

సరదా తీరాలంటే మీ ఊరి కాలువలో దొరికే చిన్నరొయ్యను ఒకదాన్ని తెచ్చుకోండి. తొట్టికి మూత ఉండాలి, లేకపోతే ఎగిరి బయట పడుతుంది. దాక్కోవడానికి రెండు కుండపెంకులు వెయ్యండి. చేపలకు వేసే మందుల్లో కొన్నింట రాగి ఉంటుంది. అది రొయ్యకు విషం. ఒకనాటి పొద్దున తొట్టిలో రొయ్య చచ్చి తేలినట్టు కనబడితే కంగారు పడకండి. బాగా చూడండి, అది ఉత్త డొల్ల! పాము కుబుసం విడిచినట్టు రొయ్య తన పెంకును విడుస్తుంది. అసలు రొయ్య మెత్తని ఒంటితో కుండపెంకు కింద దాక్కుని ఉంటుంది. ఆ డొల్లను తీసి పారెయ్యకండి. కొంచెం కొంచెంగా అదే తినేస్తుంది. పెంచడం చాలనుకున్ననాడు రొయ్యను ఏ కాలువలోనుంచి తెచ్చారో ఆ కాలువలోనే వదలండి.