ఆ ‘లేదు’ ఎవరు రాశారు?

బేతంచెర్ల నుంచి విదేశాలకు పోయేవాళ్ల కాగితాలు చాలావరకు నా జిరాక్సు సెంటరు మీదుగానే పోతాయి. నాపరాళ్ల ఫ్యాక్టరీల్లో పనిచేసి పిల్లల్ని ఇంజనీరింగు చదివించినవాళ్లు ఇప్పుడు కూతురి కాన్పుకని అమెరికా వెళ్తున్నారు. కువైట్‌కు, ఖతార్‌కు పనికి పోయేవాళ్లు వేరే. వీసా ఇంటర్వ్యూ గురించి, టికెట్టు గురించి, పచ్చళ్లు ఎన్ని కిలోలు తీసుకుపోవచ్చనే దాని గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇన్సూరెన్సు మాటెత్తితే మాత్రం “పిల్లోడు ఆన్‌లైన్లో చేసినాడులే” అంటారు. అక్కడ జబ్బు చేస్తే ఆదుకోవాల్సిన కాగితం అది. దాన్నే ఎవరూ చదవరు.

మొన్న ఒక పెద్దాయన క్లెయిము కాగితాల కట్టతో వచ్చాడు. పోయిన ఏడాది కూతురి దగ్గరికి డాలస్ వెళ్లి, అక్కడ ఛాతీలో నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరాడు. ప్రాణం దక్కింది. బిల్లు అల్లుడు వాయిదాల్లో కడుతున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీ మాత్రం పైసా ఇవ్వలేదు. కారణం రెండు కాగితాల్లో ఉంది. డిశ్చార్జి సమ్మరీలో ‘ఎనిమిదేళ్లుగా బీపీకి మాత్రలు వాడుతున్నారు’ అని ఉంది. పాలసీ ఫారంలో ‘ముందునుంచి ఏమైనా జబ్బులున్నాయా’ అన్నచోట ‘లేదు’ అని ఉంది. డాక్టరు అడిగితే ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఫారంలో ‘లేదు’ అని పెట్టిందెవరో ఆయనకు తెలియదు. “బీపీ లేదని నేనెవరితో చెప్పినాను నాయనా?” అని అడిగాడు. ఆయన పేరు మీద ఉన్న ఫారాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఫారంలోని ఆ ప్రశ్నను ప్రయాణం చేసే మనిషినే అడగాలి, తెలుగులో అడగాలి, అర్థమయ్యేలా అడగాలి. జబ్బులున్నాయా అంటే మా ఊళ్లో అందరూ లేవనే అంటారు. రోజూ బీపీ మాత్ర మింగే మనిషి కూడా తనకు రోగముందని అనుకోడు. గనుల్లో, కటింగ్ మిషన్ల దగ్గర ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాడికి ఆయాసం కూడా పనిలో భాగమే. అందుకే నేను జబ్బుల సంగతి అడగను. “పొద్దున లేచి ఏం మాత్రలు వేసుకుంటావు? ఆ చీటీ చూపించు” అంటాను. అప్పుడు సంచిలోంచి బీపీ, షుగరు, థైరాయిడ్ అన్నీ బయటికొస్తాయి.

ఉన్నదని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, నిజమే. కొన్ని పాలసీల్లో పాత జబ్బుకు అసలు రక్షణ ఉండదు. కానీ ముందే చెప్పుకుంటే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పాత జబ్బుకైనా కొంత మొత్తం వరకు ఇచ్చే పాలసీలున్నాయి. ఆ నాలుగు వేలో అయిదు వేలో మిగులుతాయని ‘లేదు’ పెడితే పోయేది లక్షలు.

మన ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు, ఆయుష్మాన్ కార్డు దేశం దాటితే పనిచేయవు. యూరప్‌లో షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికా విజిటర్ వీసాకు ఆ షరతు లేదు, అందుకే మనవాళ్లు ఏమరుపాటుగా ఉంటారు. 1986 నాటి చట్టం ప్రకారం అక్కడి ఎమర్జెన్సీ విభాగాలు డబ్బుందా లేదా అని చూడకుండా రోగిని పరీక్షించి, గండం గట్టెక్కించాలి. బిల్లు వేయకూడదని మాత్రం ఆ చట్టంలో లేదు. ఒక మార్గం ఉంది. లాభాపేక్ష లేని ఆస్పత్రులకు ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలి. డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు ఇచ్చిన నాటి నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. విజిటర్లకు ఇస్తారా అన్నది ఆస్పత్రిని బట్టి ఉంటుంది, అయినా అడగాలి. క్రెడిట్ కార్డు గీకడానికి ముందే అడగాలి.

గల్ఫ్‌కు పోయేవాళ్ల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. వలస అనుమతి అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. వైద్యానికి లక్ష దాకా. ప్రీమియం ఏజెంటు కడతాడు, పాలసీ కాగితం ఏజెంటు దగ్గరే ఉండిపోతుంది. ఇంట్లో భార్యకు ఆ బీమా ఉందన్న సంగతే తెలియదు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు పాలసీ ప్రింటు తీసి ఒకటి ఇంట్లో బీరువాలో పెట్టమని చెబుతున్నాను.

బీమా నియంత్రణ సంస్థ 2002లో తెచ్చిన నిబంధనల్లోనే ఫారాలను రాజ్యాంగం గుర్తించిన భాషల్లో ఇవ్వవచ్చని చెప్పారు. ఫారం వేరేవాళ్లు నింపితే, అందులోని విషయాలు తనకు పూర్తిగా వివరించారని బీమా తీసుకునే మనిషి ధ్రువీకరణ ఇవ్వవచ్చనీ చెప్పారు. ఈ రెండింటినీ తప్పనిసరి చేయాలి. ఆన్‌లైన్ పాలసీకైతే ప్రయాణికుడి ఫోనుకు తెలుగులో ఆ ప్రశ్నలు వెళ్లి, ఆయన జవాబిచ్చాకే పాలసీ రావాలి. డబ్బు కట్టడానికి ఫోనుకు ఓటీపీ పంపగలిగిన కంపెనీలకు ఇది చేతకాని పనేమీ కాదు.

పెద్దాయన తరఫున ఆ ఫారం కాపీ ఇవ్వమని, అది ఏ ఫోను నుంచి, ఎవరు నింపారో చెప్పమని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఉత్తరం పెట్టాం. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్తాం. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. డిశ్చార్జి సమ్మరీ, ఐటమ్ వారీ బిల్లులు, కట్టిన రసీదులు, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలున్న పేజీలు, కంపెనీ తిరస్కరించిన ఉత్తరం అన్నీ రెండేసి కాపీలు తీసి ఫైలు కట్టి ఉంచాను.